పాత సంచిక పరీక్ష

కెమెరా పత్రికలు ఒకదాని వెనక ఒకటి మూతపడుతుంటే నాకు పెద్దగా బాధ అనిపించలేదు. ఈ మాట ఫొటోగ్రాఫర్ల మధ్య అంటే కొట్టినంత పని చేస్తారు. అయినా అంటాను. అమెరికాలో 1937లో మొదలైన ‘పాపులర్ ఫొటోగ్రఫీ’ 2017లో అచ్చు మానేసింది. జపాన్‌లో 1926 నుంచి వస్తున్న ‘అసాహి కెమెరా’ 2020లో ఆగింది. మరుసటేడు ‘నిప్పన్ కెమెరా’ కూడా అదే దారి పట్టింది. నికాన్, కానన్, సోనీ పుట్టిన దేశంలోనే కెమెరా పత్రికకు దిక్కు లేకపోయింది. అసాహి విషయంలో మాత్రం మనసు కాస్త చివుక్కుమంది. కెమెరాల కబుర్లతో పాటు అది చూడదగ్గ ఫొటోలూ వేసేది. మిగతావాటిలో చాలావాటికి ఆ మాట చెల్లదు.

వాటిలో ఏముండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. అట్ట మీద కొత్త కెమెరా. లోపల ఆ కెమెరా మీద నాలుగైదు పేజీల సమీక్ష. సమీక్ష ముగిసి పేజీ తిప్పితే అదే కంపెనీ రంగుల ప్రకటన. వెన్నెల్లో ఎలా తియ్యాలి, జలపాతాన్ని పాలధారలా ఎలా చూపించాలి, పసిపిల్లల్ని కెమెరా ముందు ఎలా నవ్వించాలి అని చిట్కాలు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అవే చిట్కాలు, వేరే జలపాతం. చివర్లో పాఠకుల పోటీ ఫొటోలు, ఒక్కొక్కటీ తపాలాబిళ్ల కన్నా కాస్త పెద్దది. ఈ పనంతా ఇప్పుడు యూట్యూబ్ ఇంతకన్నా బాగా చేస్తోంది, పైసా అడక్కుండా చేస్తోంది. ఫోకస్ చేసేటప్పుడు లెన్సు ఎంత చప్పుడు చేస్తుందో కాగితం వినిపించలేదు కదా. ప్రకటన ఇచ్చిన కంపెనీ సరుకును ఉతికి ఆరేసే ధైర్యం ఆ సంపాదకులకు ఎప్పుడూ అంతంతమాత్రమే. ఇంటర్నెట్ రాకపోయినా ఆ బండి ఎన్నాళ్లో నడిచేది కాదు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మా వీధి చివర స్టూడియో కుర్రాడు మొన్నీమధ్య ఒక ప్రశ్న వేశాడు. పెళ్లిళ్ల సీజన్లో కంటి మీద కునుకు లేకుండా తిరిగేవాడు, మూఢం రాగానే కాస్త తీరికపడతాడు. అలాంటి తీరిక రోజున, “సార్, మంచి ఫొటోగ్రఫీ బుక్ ఏదన్నా ఉంటే చెప్పండి, నెలనెలా తెప్పించుకుంటా” అన్నాడు. నెల పుస్తకాన్ని బుక్ అనడం మనకు అలవాటే. ఫోన్లో రోజుకు వందల ఫొటోలు చూసేవాడు కాగితం కోసం ఎందుకు అడుగుతున్నాడా అనుకున్నాను. ఆ మాటే అడిగాను. “చూస్తున్నా సార్, ఒక్కటీ గుర్తుండట్లేదు” అన్నాడు. ఇంతకు మించిన కారణం అక్కర్లేదనిపించింది.

అతనికి నేను చెప్పింది ఒక్కటే. కొత్త సంచిక కొనకు. ఏ పత్రికయినా సరే, ముందు దాని పదేళ్ల నాటి సంచిక ఒకటి సంపాదించు. ఇవాళ కూడా చూడబుద్ధయితే అప్పుడు చందా సంగతి ఆలోచించు.

“పాత పేపర్లోళ్ల దగ్గరికి వెళ్లమంటారా సార్?” అన్నాడు.

అవును, అక్కడికే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అబిడ్స్ ఉండనే ఉంది. ఆదివారం దుకాణాల షట్టర్లు దిగితే వాటి ముందు పేవ్‌మెంటు నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నేను చెప్పే పరీక్షను ఆ వ్యాపారులు నాకన్నా ముందే పెట్టేశారు. పదేళ్ల కిందటి కెమెరా పత్రికలు కట్టలు కట్టి, ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్ల పక్కన ఎండకు పడి ఉంటాయి. ఏది తీసుకున్నా ఒకటే ధర. ‘మెగాపిక్సెళ్ల విప్లవం’ లాంటి అట్టను ఇప్పుడెవరు చూస్తారు? అమెరికా ఫొటో పత్రిక ‘లైఫ్’ పాత సంచిక ఒకటి తగిలితే మాత్రం దాని తీరు వేరు. వెన్ను చిరిగి ఉన్నా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అమ్మే ఆయన తన మోకాలి పక్కనే ఉంచుకుంటాడు. బేరానికి దిగడు. ఆయనకు ఫొటోగ్రఫీ తెలియకపోవచ్చు, ఏ కాగితానికి ప్రాణం ఉందో తెలుసు.

‘లైఫ్’ మాట వచ్చింది కాబట్టి ఒక సంచిక దగ్గర కాసేపు ఆగుతాను. 1948 సెప్టెంబరు 20 నాటిది. అందులో యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన పల్లెటూరి డాక్టరు కథ ఉంది. ఊరు క్రెమ్లింగ్, కొలరాడో కొండల మధ్య. డాక్టరు పేరు ఎర్నెస్ట్ సెరియాని. ఆ చుట్టుపక్కలకంతా ఆయనొక్కడే వైద్యుడు. స్మిత్ 23 రోజులు ఆయన నీడలా తిరిగాడు. కథ మొదట్లో డాక్టరు మబ్బు కమ్మిన ఆకాశం కింద, కలుపు మొక్కలు పెరిగిన దారిలో, చేతిలో సంచీతో నడిచి వస్తుంటాడు. తర్వాత గుర్రం తన్నిన చిన్నపిల్ల. నుదుటికి కుట్లు వేసే చేతులు. కాలు కుళ్లిన ముసలాయన. ఇంకో ఫొటోలో డాక్టరు ఆస్పత్రి వంటగదిలో గట్టుకు ఆనుకుని ఉంటాడు. ఆపరేషన్ గౌను ఇంకా ఒంటి మీదే ఉంది. ఒక చేతిలో కాఫీ కప్పు, ఒక చేతిలో సిగరెట్టు. కళ్లు ఎటూ చూడవు. కాన్పు కష్టమై తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కని రాత్రి అది.

ఆ వంటగది ఫొటో ఒక్కటే మీ ఫోన్లో కనిపించిందనుకోండి. పాపం, డ్యూటీ చేసి అలిసిపోయాడు అనుకుంటారు. ఓ లైకు కొట్టి బొటనవేలితో పైకి తోసేస్తారు. పేజీ తర్వాత పేజీ ఆయనతో నడిచి అక్కడికి చేరినవాడికి అది అలసట కాదని తెలుస్తుంది. ఫొటో మారలేదు, దాని ముందు వచ్చినవి తోడయ్యాయి. ఏ ఫొటో తర్వాత ఏది రావాలి, ఏది పెద్దగా వెయ్యాలి, ఎక్కడ తెల్లకాగితం వదిలెయ్యాలి అన్న ఈ తూకమే ఫొటో పత్రిక చెయ్యగలిగిన పని. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ పని చెయ్యలేదు. స్మిత్‌కు ఈ వరస మీద ఎంత పట్టింపంటే, 1954లో, ఆఫ్రికాలో ఆస్పత్రి నడిపే డాక్టరు ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద తాను చేసిన కథనాన్ని సంపాదకులు తమకు నచ్చినట్టు కుదించి పేర్చారని ‘లైఫ్’ ఉద్యోగమే వదిలేశాడు. లక్షల మంది చూసే పత్రిక అది. ఆ కొలువు కోసం ఎంతమంది కాచుకుని ఉండేవారో!

ఇలాంటి మొండివాళ్ల చేతుల్లోనే మంచి ఫొటో పత్రికలు పుట్టాయి. వాళ్లందరికీ పెద్దన్న ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. న్యూయార్క్ నుంచి 1903లో ‘కెమెరా వర్క్’ మొదలుపెట్టి 1917 దాకా నడిపాడు. ఫొటోను రాగిరేకు మీదికి ఎక్కించి ఫొటోగ్రేవ్యూర్ పద్ధతిలో అచ్చేసేవారు. చాలా బొమ్మల్ని పల్చటి జపాన్ కాగితం మీద తీసి, ప్రతి సంచికలోనూ చేత్తో అంటించేవారు. 1904లో బ్రస్సెల్స్ ప్రదర్శనకు ఆయన బృందం పంపిన అసలు ఫొటోలు సమయానికి చేరలేదు. చేసేది లేక పత్రికలోని బొమ్మల్నే గోడకు పెట్టారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అవే అసలు ఫొటోలనుకుని చూసి వెళ్లారు. మంచి రోజుల్లో ఆ పత్రికకు దాదాపు వెయ్యిమంది చందాదారులు. ఆఖరుకు నలభైమంది కూడా మిగల్లేదు. ఆ ఆఖరి సంచికను స్టీగ్లిట్జ్ పాల్ స్ట్రాండ్ అనే కుర్ర ఫొటోగ్రాఫర్‌కే పూర్తిగా ఇచ్చేశాడు. మెడలో అట్టముక్క వేలాడదీసుకున్న న్యూయార్క్ అంధురాలి ఫొటో దాంట్లోదే. అంతదాకా పొగమంచులా, పెయింటింగులా తియ్యడమే కళ అనుకున్న పత్రిక, మూతపడే ముందు ఎదురుగా నిలబడి సూటిగా తీసిన ఫొటోకు దారి తీసింది. నలభైమంది కోసం అంత శ్రమ ఎందుకని స్టీగ్లిట్జ్‌ను ఎవరైనా అడిగారో లేదో గానీ, నూరేళ్ల తర్వాత కూడా ఆ సంచికలు మ్యూజియాల్లో ఉన్నాయి.

సంచికల సంఖ్యతో కూడా పని లేదు. టోక్యోలో 1968–69ల్లో వచ్చిన ‘ప్రొవోక్’ మూడంటే మూడే సంచికలు. అదిరిపోయిన, మసకబారిన, గరుకుగరుకు ఫొటోలు. రెండో సంచిక నుంచి దాంట్లో చేరిన దైదో మొరియామా పేరు ఇవాళ వీధి ఫొటోలు తీసే కుర్రాళ్లందరికీ తెలుసు.

అచ్చు సంగతి వేరే చెప్పాలి. మన దగ్గర ఫొటో అచ్చు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఫొటో అచ్చవడమంటే చుక్కలుగా విడిపోవడం. మామూలు దినపత్రికలో అంగుళానికి 85 వరసల దాకా చుక్కలుంటాయి. నిగనిగలాడే వారపత్రికలో 150 దాకా. శ్రద్ధగల ఫొటో పత్రికల్లో 175, 200, ఆ పైన. ఓ భూతద్దం తీసుకుని మీ చేతిలో ఉన్న పేజీని చూడండి, చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. నలుపు తెలుపు ఫొటోకు ఒక్క నల్ల సిరానే వాడితే నీడలు బూడిద పూసినట్టు ఉంటాయి. నలుపుతో పాటు ముదురు బూడిదరంగు సిరా రెండో ప్లేటుగా కలిపి కొడితే ఆ నీడల్లో ఉన్న తలుపు, తలుపు చెక్క మీది గీతలు బయటికొస్తాయి. దీన్ని డ్యూటోన్ అంటారు. కొత్తగా ఏ ఫొటో పత్రిక చేతికొచ్చినా నేను ముందు చూసేది దాంట్లోని నలుపునే. తర్వాత మడత చూస్తాను. రెండు పేజీల మీదుగా పరిచిన ఫొటోలో మనిషి ముఖం సరిగ్గా మధ్య కుట్టులోకి పోయి ఉంటే, ఆ సంపాదకుడు తన పత్రికను తాను తెరిచి చూసుకోలేదన్నమాట. మూడోది, ఫొటో కింద ఊరు, సంవత్సరం ఉన్నాయా లేవా. లెన్సు ఎంత, షట్టర్ ఎంత అని రాసి, ఎక్కడ ఎప్పుడు తీశారో రాయని పత్రికను అక్కడే పెట్టేస్తాను.

ఇంత చెప్పాక నా మాటకే ఒక అడ్డం పెట్టుకోవాలి. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ వారపత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చాయి. అప్పటి పార్టీ కార్యదర్శి పి.సి. జోషి ఆయన్ని వెంటబెట్టుకుని కరువు ప్రాంతాలకు తీసుకెళ్లాడు. చిత్తప్రసాద్ బొమ్మలు గీశాడు, జానా ఫొటోలు తీశాడు. యుద్ధకాలపు నాసి కాగితం, అచ్చు అంతంతమాత్రం. అయినా ఆ ఆకలిని దేశానికి చూపించినవాటిలో ఆ ఫొటోలున్నాయి. కాగితం గొప్పదైతే చాలని ఎవరన్నా అంటే నేను జానానే ముందు పెడతాను. అయితే ఆ పత్రికకు చెప్పాల్సిన కథ ఉంది. నిగనిగలాడే కాగితం మీద చెప్పేదేమీ లేని పత్రికలే ఎక్కువ.

ఇక అచ్చమైన ఫొటో పత్రికలు ఇప్పుడేమున్నాయంటే, చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికా నుంచి మూడు నెలలకోసారి వచ్చే ‘అపర్చర్’ను 1952లో డొరోథియా లాంగ్, ఆన్సెల్ ఆడమ్స్, మైనర్ వైట్, న్యూహాల్ దంపతులు మరికొందరితో కలిసి పెట్టారు. వైట్ చాలా ఏళ్లు సంపాదకుడు. ఫొటోల వరసే పద్యమని నమ్మినవాడు. ఇప్పటి ‘అపర్చర్’లో వ్యాసాలు కొన్నిసార్లు విశ్వవిద్యాలయపు సెమినార్ పత్రాల్లా బిగుసుకుపోయి ఉంటాయి. ఆ పేజీలు నేను దాటేస్తాను. ఫొటోల విషయంలో మాత్రం వాళ్లను మించినవాళ్లు తక్కువ. ‘లెన్స్‌వర్క్’ది ఇంకో దారి. బ్రూక్స్ జెన్సెన్ 1993లో మొదలుపెట్టాడు. ప్రకటనలు వేసుకోదు. చేతిలో ఇమిడే చిన్న సైజు, డ్యూటోన్ అచ్చు. కొండలు, పాత కొట్టాలు, ఖాళీ గదులు కాస్త ఎక్కువే ఉంటాయి, మనుషులు తక్కువ. నాకు మనుషులు కావాలి కాబట్టి అప్పుడప్పుడు విసుగొస్తుంది. అయినా పాత సంచిక పరీక్షలో ఇది నూటికి నూరు తెచ్చుకుంటుంది. ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫొటోగ్రఫీ’ 1854లో లివర్‌పూల్‌లో పుట్టింది. మనకు సిపాయిల తిరుగుబాటు కూడా ఇంకా రాలేదు అప్పటికి. ఇవాళ్టి కొత్తవాళ్లను తెలుసుకోవడానికి పనికొస్తుంది.

మన దేశంలో ముంబై నుంచి వచ్చిన ‘బెటర్ ఫొటోగ్రఫీ’, ‘ఏషియన్ ఫొటోగ్రఫీ’, ‘స్మార్ట్ ఫొటోగ్రఫీ’ రైల్వే స్టాళ్లలో వేలాడిన రోజులున్నాయి. సగం కెమెరా, సగం ఫొటో. పాత కట్టల్లో దొరికితే సమీక్షలు వదిలేసి ఫొటోగ్రాఫర్ల ఇంటర్వ్యూలు చదవండి. ఢిల్లీ నుంచి 2011లో రహాబ్ అల్లానా మొదలుపెట్టిన ‘పిక్స్’ మాత్రం పూర్తిగా ఫొటోదే. దక్షిణాసియా ఫొటోగ్రాఫర్లను ఒక్కో సంచికకు ఒక్కో అంశం పెట్టి చూపించింది.

తెలుగువాళ్లకు అచ్చులో మంచి ఫొటో కొత్తది కాదు. మా తరం చూసిన మొదటి ఆర్ట్ పేపరు ‘సోవియట్ భూమి’ పత్రికది. చదివినవాళ్లు ఎంతమందో గానీ, బడి పుస్తకాలకు అట్టలు వేసుకోనివాళ్లు లేరు. లెక్కల నోట్సు మీద గోధుమ చేలలో ట్రాక్టరు, సోషలు మీద బాలే నాట్యకత్తె. మద్రాసు నుంచి వచ్చిన ‘విజయచిత్ర’ సినిమావాళ్ల ఫొటోల కోసమే ఇంటింటా దాచుకున్న పత్రిక. ఇప్పుడో? హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫొటోగ్రఫీకి డిగ్రీ ఉంది. ఇండియన్ ఫొటో ఫెస్టివల్ 2015 నుంచి ఈ ఊళ్లోనే జరుగుతోంది. తెలంగాణ పల్లెల తలుపుల్ని, గోడల్ని, బతుకమ్మల్ని జీవితమంతా తీసి 2022లో వెళ్లిపోయిన భరత్ భూషణ్ లాంటివాడు మన మధ్యే తిరిగాడు. అలాంటివాడి తలుపుల్ని ఒక పాతిక పేజీల్లో వరసగా పేర్చి చూపించే పత్రిక తెలుగు స్టాళ్లలో కనబడదు. ఆదివారం అనుబంధాల్లో ఫొటోకు దొరికే చోటు వ్యాసం పక్కన మిగిలిన చోటే.

డబ్బు లేదనకండి. మనవాళ్లు అచ్చు ఫొటోల మీద పెట్టే డబ్బు చూడాలంటే ఏ పెళ్లింటికైనా వెళ్లండి. కరిజ్మా ఆల్బమ్ ఒక్కటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మందపాటి షీట్లు, తోలు అట్ట, పెట్టె, ఆ పెట్టెకో సంచీ. మా స్టూడియో కుర్రాడు ఓ ఆల్బమ్ తెరిచి చూపించాడు. ఒక్క షీటు మీద పన్నెండు ఫొటోలు, వాటి వెనక మసకగా మళ్లీ పెళ్లికూతురి ముఖం, పైన గులాబీరేకులు, కింద ఎక్కడినుంచో తెచ్చిన ఇంగ్లీషు ప్రేమ వాక్యాలు. ఇంత ఇరికించడమెందుకు అంటే, “కస్టమరు ఫొటోలు లెక్కపెట్టుకుంటాడు సార్” అన్నాడు. నిజమే మరి. కానీ అదే ఆల్బమ్‌లో ఇంకోటి కూడా గమనించాను. మంగళస్నానాలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు వరుసగా వచ్చి, అప్పగింతల దగ్గర మాత్రం షీటంతా ఒకే ఒక్క ఫొటో. తండ్రి చేతులు, కూతురి చేతులు, మధ్యలో పాలగిన్నె. ముఖాలు లేవు. ఇక్కడెందుకు ఒక్కటే పెట్టావంటే, “అది పక్కన ఇంకోటి పెడితే చచ్చిపోతుంది సార్” అన్నాడు. స్మిత్ పేరు అతను వినలేదు.

అందుకే అతనికి చందా కట్టమని చెప్పలేదు. విదేశీ పత్రిక ఒక్క సంచిక పాతిక డాలర్ల దాకా ఉంటుంది. రూపాయల్లో రెండు వేలు దాటుతుంది, తపాలా ఖర్చు వేరు. స్టూడియోల వాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఏడాదికి ఒకటో రెండో తెప్పించుకుని, చేతులు మార్చుకుంటే సరిపోతుంది. నెలనెలా రావాలన్న పట్టుదల అనవసరం. మంచి సంచిక ఒకటి ఆరు నెలలు తినొచ్చు. మొదటగా వెతకమని చెప్పింది ‘అపర్చర్’ 243వ సంచిక, 2021 వేసవిది. పూర్తిగా ఢిల్లీ మీద, రహాబ్ అల్లానా అతిథి సంపాదకుడు. మన దేశపు వీధులు, మన మనుషులు, మంచి అచ్చు. దానికింకా పదేళ్లు నిండలేదు గానీ, ఈ ఒక్కదానికీ మినహాయింపు ఇచ్చాను.